నేలమీద పెరిగిన కాలు

కడపలో మా పక్కింటివాళ్ళు వసారాకు బండలు వేయిస్తున్నారు. పొద్దున లారీ వచ్చి బేతంచెర్ల బండలు దించి పోయింది. మేస్త్రీ ఒక్కొక్క బండను నిలబెట్టి, సుత్తి పిడితో ఒక దెబ్బ కొట్టి, తల పక్కకు వాల్చి వింటున్నాడు. ఖంగుమని పలికినవన్నీ ఒక వరుసలో చేరుతున్నాయి. నడుమ ఒక బండ మాత్రం తడిసిన చెక్కలాగా మొద్దుగా పలికింది. కాఫీ గ్లాసుతో మా గడపలో నిలబడి ఉన్న నాకు ఆ శబ్దంతో ఒక చలి పాదాల్లోంచి పైకి పాకింది. ఎండ అప్పటికే ముదిరింది, ఒళ్ళంతా చెమట పట్టింది, అరికాళ్ళు మాత్రం చల్లబడిపోయాయి. బండను కొట్టి వినడం నాకు నేర్పినవారు ఓబుళరెడ్డిగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కుడికాలు ఆయనకంటే ముందే పోయింది. ఆయన గురించి రాయాలంటే ఆ కాలి గురించి రాయక తప్పదు.

మాది ఆలూరు పక్క ఒక పల్లె. వాన వస్తే పండుగ, రాకపోతే వలస. నా బడి చదువు పదమూడో ఏటికే ఆగిపోయింది. మిగిలిన చదువంతా గ్రంథాలయాల బల్లల మీద జరిగింది. నక్షత్రాల గురించి, నాడీమండలం గురించి, నౌకల గురించి దొరికిందల్లా చదివాను. ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని ముక్కముక్కగా చదివాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళిపోయిన మరుసటేడు నేను పని వెతుక్కుంటూ బేతంచెర్ల చేరాను. అక్కడ ఓబుళరెడ్డిగారికి ఒక నాపరాతి గని ఉండేది. పొలం ఉన్న కుటుంబమే అయినా ఆయన మనసంతా రాతిమీదే ఉండేది. రైలుకు ఎక్కించే బండల లెక్క చూడటానికి నన్ను పెట్టుకున్నారు. నా పేరు బసప్ప, నా మాటలో కన్నడం తొంగిచూసేది. గనిలో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన మాత్రం నన్ను "పుస్తకాలప్పా" అని పిలిచేవారు. అది ఎగతాళో మెచ్చుకోలో నాకు చాలాకాలం తెలియలేదు.

మొదటి వారంలోనే ఆయన నా చేతికి సుత్తి ఇచ్చి ఒక బండను కొట్టమన్నారు. కొట్టాను. బాగానే పలికింది. మళ్ళీ ఎత్తాను.

"నిలుపు. ఇంగొక దెబ్బ ఏమిటికప్పా? మొదటిది ఇనపడల్యా?"

"ఇనపడింది సామీ. రూఢి చేసుకుందామని."

"అది రూఢి కాదు, భయం. చెవికి సరిపోయినాక కొట్టే దెబ్బతో రాయికి చేటు. లోపల కంటికి కనపడని బీట ఉంటే నీ రెండో దెబ్బకే పెద్దదవుతాది. లారీ ఎక్కి దిగిన బండను మాత్రం మళ్ళా కొట్టల్ల. దారిలో దానికేమైందో మనకేం తెలుసు?"

బండలు కోసే ముఠాకు పెద్ద ఉసేన్‌సాబు పక్కన నిలబడి నవ్వాడు. "రాసుకో బసప్పా, ఇది పుస్తకాల్లో దొరకదు" అన్నాడు.

అలాంటి మనిషి కొన్ని నెలల తర్వాత ప్రతి బండనూ రెండు మూడు సార్లు కొట్టడం మొదలుపెట్టారు. గనిలో పదడుగులు నడవడం, ఒక బండ దగ్గర ఆగడం, వంగి కొట్టడం, మళ్ళీ కొట్టడం. వింటున్నట్టు తల వాల్చేవారు కానీ ఆయన వినడం లేదని నాకు తెలిసిపోయింది. పిక్క పట్టేస్తోంది. ఆగక తప్పడం లేదు. ఆగానని ఎవరికీ తెలియకూడదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన చెప్పు తెగింది. గనిలో బండలు పెనంలా కాలుతున్నాయి, కూలీలు గోనెసంచి ముక్కల మీద ఎగురుకుంటూ నడుస్తున్నారు. ఆయన వట్టికాళ్ళతో నిలబడి ఉసేన్‌సాబుతో మాట్లాడుతున్నారు. ఎడమకాలు మాటిమాటికీ ఎత్తి దించుతున్నారు. కుడికాలు కదల్లేదు. ఉసేన్‌సాబు అది చూసి కూర్చుని, ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని, చటుక్కున వదిలేశాడు.

"యా అల్లా! సామీ, బాయిలో రాయి మాదిరి చల్లగా ఉండాది."

"నీ చేయి కాలుతాండాది లేరా" అన్నారు రెడ్డిగారు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

నేనే ఆయనను కర్నూలుకు తీసుకుపోయాను. అక్కడ మద్రాసులో చదివి వచ్చిన ఒక సర్జను ఉండేవాడు. కోస్తా మనిషి, వయసులో రెడ్డిగారికంటే చిన్నవాడు. పాదం మీద, మడమ పక్కన, మోకాలి వెనక, గజ్జల్లో నాలుగు చోట్ల వేళ్ళు పెట్టి నాడి వెతికాడు. రోజుకు ఎన్ని బీడీలు తాగుతారని అడిగాడు. తర్వాత గజ్జలో ఉండే పెద్ద రక్తనాళంలోకి సూదితో మందు ఎక్కించి, అది కాలిలోకి దిగుతుండగా ఎక్స్‌రే తీశాడు. ఇప్పుడందరూ యాంజియోగ్రాం అంటున్నది అదే. ఆ రోజుల్లో దాని పేరు విన్నవాళ్ళే తక్కువ. మందు దిగినప్పుడు గదిలోంచి రెడ్డిగారి అరుపు వినిపించింది. బయటికి వచ్చాక, "తొడలో నిప్పులు పోసినట్లయింది బసప్పా. శానా దినాలకు ఆ కాలికి వేడి తెలిసింది" అన్నారు.

సర్జను ఫిలింను వెలుతురు పెట్టె మీద పెట్టి చూపించాడు. నల్లటి నేపథ్యంలో ఎముక తెల్లగా ఉంది. దాని పక్కన మందు నిండిన రక్తనాళం ఒక తెల్లటి ఏరులాగా దిగి వచ్చి, మోకాలికి కొంచెం పైన, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి సన్నటి దారాలు మెలికలు తిరుగుతూ కిందికి పోతున్నాయి.

"బీడీ తాగేవాళ్ళకు వచ్చే జబ్బు ఇది. నాళం లోపల మూసుకుపోతుంది. ఈ దారాలే ఇప్పుడు మీ పాదానికి అన్నం పెడుతున్నాయి. బీడీ మానేసి రోజూ నడిస్తే ఇవి లావెక్కుతాయి" అన్నాడు.

రెడ్డిగారికి ఆ మాట పట్టుకుంది. "అట్లయితే నెలనెలా ఈ ఫోటో తీయండి సామీ. ఎంత లావయినాయో చూస్తా."

సర్జను ఒప్పుకోలేదు. "ప్రతిసారీ ఆ నాళంలోనే సూది గుచ్చాలి. దానికి దెబ్బ తగలవచ్చు, మందు పడకపోవచ్చు. అంత చేసి చూస్తే నేను చెప్పేది ఏమైనా మారుతుందా? బీడీ మానండి, నడవండి. అంతే కదా? ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారో అదే నాకు ఫోటో. కానీ, నడిచే దూరం ఉన్నట్టుండి తగ్గినా, పడుకున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, పుండు పడినా, వేలు రంగు మారినా ఒక్క రోజు ఆగొద్దు. అప్పుడు మళ్ళీ తీయాలి."

ఈ మాటలు నేను మరిచిపోలేదు. మొన్నామధ్య నాకూ గుండెకు యాంజియోగ్రాం చేశారు. మా అబ్బాయి ఏడాదికోసారి మళ్ళీ తీయిద్దామని పట్టుబడతాడు. నొప్పి లేదు, ఆయాసం లేదు. తీసి ఏం చేస్తారని డాక్టరును అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ఇప్పటికి అక్కర్లేదన్నాడు. మా అబ్బాయికి కోపం వచ్చింది. వాడు రెడ్డిగారిని చూడలేదు.

రెడ్డిగారు సర్జనును బతిమాలి ఆ ఫిలిం అడిగి తెచ్చుకున్నారు. గని పక్కనే ఒక గది ఆయన కూర్చునే చోటు. దక్షిణం వైపు గోడకు నేలకు దగ్గరగా ఇనుప కడ్డీల కిటికీ ఒకటి ఉండేది. దసరా వెళ్ళిన వారం ఆయన ఫిలింను ఆ కిటికీ కింది భాగంలో బిగించి, మిగిలిన సందులన్నీ గోనెసంచులతో మూయించారు. ఎందుకో తొడవైపు కిందికి, పాదంవైపు పైకి ఉండేట్టు తలకిందులుగా బిగించారు. మధ్యాహ్నం నేను గదిలోకి అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాను. చీకటిగదిలో నాపరాళ్ళ నేలమీద తెల్లగా వెలుగుతూ ఒక కాలు పడుకుని ఉంది. గోడ దగ్గర తొడ ఎముక, గదిలోకి మోకాలు, దాని అవతల ఆ మెలికల దారాలు. రెడ్డిగారు కుర్చీలో కూర్చుని, తన కుడికాలిని దాని పక్కన చాపి, రెండింటినీ మార్చి మార్చి చూస్తున్నారు.

"డాక్టరు తీయనంటే ఏమప్పా, సూరీడు తీస్తాడు. దినమూ తీస్తాడు. సూది లేదు, మంట లేదు" అన్నారు.

"సామీ, అది పాత ఫోటోనే గదా. అది మారదు."

"మారకపోతే మారకపోనీ. చూసుకుంటాంటే ధైర్యంగా ఉండాది."

ఆ గది గురించి గనిలో మాటలు మొదలయ్యాయి. కూలీలు లోపలికి రావలసి వస్తే గోడ వెంబడి ఒరుసుకుంటూ వచ్చేవాళ్ళు. ఆ వెలుగును ఎవరూ తొక్కేవాళ్ళు కాదు. ఊడ్చే ఈరమ్మ చీపురును దాని అంచు దాకా తెచ్చి ఎత్తేసేది. నేలంతా శుభ్రంగా ఉండి, ఆ వెలుగు పడే మేర మాత్రం దుమ్ము పేరుకునేది. సాయంత్రం వెలుగు పోయాక దుమ్ములో దాని ఆకారం మిగిలేది. మబ్బు పట్టిన రోజున కాలు మెల్లగా మసకబారి మాయమైతే బయట కూలీలు పని ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. ఉసేన్‌సాబు ఒకసారి నాతో, "మనిషి బతికుండంగనే కాలికి దయ్యం తయారయినట్లుండాది బసప్పా" అన్నాడు. నేను అతనికి వెలుతురు గురించి పుస్తకంలో చదివిందంతా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. మరునాడు కూడా గోడ వెంబడే వచ్చాడు.

కార్తీకంలో రెడ్డిగారు ఒకరోజు నన్ను కేకేశారు. చేతిలో ఎర్రటి జాజుముక్క ఉంది. కిందటి నెలలో వెలుగుదారాల కొస ఎక్కడ ఆగిందో అక్కడ నేలమీద గీత గీసుకున్నారట. ఇప్పుడు కొస ఆ గీత దాటి జానెడు ముందుకు వచ్చింది. నేను కిటికీ వైపు చూశాను. ఫిలిం అదే. కిటికీ అదే. దారాలు మాత్రం పొడుగు సాగాయి.

"పొద్దు వాలినప్పుడు నీడ సాగుతాది, అది నాకూ తెలుసు. అందుకే నడినెత్తిన పొద్దు ఉన్నప్పుడే చూస్తాండా. అన్నం గంట కొట్టినప్పుడే గీత గీస్తాండా. అయినా పెరుగుతాండాది. ఈడ పెరిగితే ఆడ పెరగదా?" అని తన మోకాలు తట్టుకున్నారు.

ఎర్రగీతలు పెరుగుతూ పోయాయి. వాటితోపాటు ఆయన ధైర్యం పెరిగింది. ధైర్యంతోపాటు మానేసిన బీడీ మళ్ళీ వచ్చింది. మొదట ఒకటి, అన్నం తిన్నాక. తర్వాత జేబులో కట్ట. కర్నూలు పోయి చూపించుకుందామని ఆయన భార్య నారాయణమ్మ అడిగితే, "వాళ్ళు సూది గుచ్చి చూసేది నేను ఉత్తగనే చూస్తాండా. ఏమిటికి పోవల్ల?" అనేవారు. నడక తగ్గింది. పాదానికి ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉండేది. చలికని అనేవారు.

నాకు జవాబు దొరికింది గ్రంథాలయంలోనే. ఒక ఖగోళం పుస్తకంలో, చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి ఎందుకు నడుస్తాడో బొమ్మ వేసి చెప్పారు. ఆ బొమ్మ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఒక్క రోజులో పొద్దు వాలడం ఆయన లెక్కలో ఉంది. ఏడాదిలో పొద్దు వాలడం లేదు. పొలం ఉన్న మనిషికి అది తెలియక కాదు. తెలిసినదాన్ని ఆ గది గడప బయటే వదిలి లోపలికి వస్తున్నారు.

మరునాడు అన్నం గంట కొట్టగానే వెళ్ళాను. ఆయన గీత గీస్తున్నారు. కొస కుర్చీ దాకా వచ్చింది.

"సామీ, ఒక మాట. కోపం చేసుకోవద్దు."

"నీ మాటలన్నీ పుస్తకాల మాటలే. చెప్పు."

"పెరిగింది దారాలొక్కటే కాదు. ఎముక కూడా సాగింది చూడండి. ఫిలిం అంచు సాగింది. ఫిలిం వెనక ఉన్న కిటికీ కడ్డీ నీడ కూడా సాగింది. కడ్డీకి కూడా నరాలు పెరిగినాయా?"

ఆయన కడ్డీ నీడను చూశారు. వంగి, జానతో దాన్ని కొలిచారు. కిటికీ దగ్గరికి పోయి అసలు కడ్డీని కొలిచారు. తిరిగి వచ్చి కూర్చున్నారు. బయట కూలీలు అన్నం తింటూ నవ్వుకోవడం వినిపిస్తోంది.

"అయితే ఉత్తరాయణం వచ్చినాక నా కాలు మళ్ళా గోడ కాడికి పోతాదా?" అన్నారు.

నేను తల ఊపాను.

ఆయన పాదానికి చుట్టిన గుడ్డ విప్పారు. ముందు వాసన వచ్చింది. చిటికెనవేలు ఎండిన నేరేడుపండులా నల్లబడి ఉంది. పక్క వేలి మొదట్లో పుండు.

"దీపావళి పోయినప్పటి నుంచి ఉండాది. నొప్పికి పడుకోలేక కాలు మంచం కిందికి ఏలాడేసుకుని కూర్చుంటాండా. నేలమీద అంత బాగా పెరుగుతాంటే ఇది అబద్ధమేమో అనుకున్న్యా." గుడ్డ మళ్ళీ చుట్టుకుని లేచి నా భుజం పట్టుకున్నారు. "లారీ దిగిన బండ ఇది. మళ్ళా కొట్టి చూడల్ల. పద, బండికి టైమయింది."

ఒక తప్పును ఒప్పుకోవడానికి మనుషులకు ఏళ్ళు పట్టడం నేను చూశాను. కొందరికి జన్మ చాలలేదు. ఆయనకు ఒక అన్నం గంట పట్టింది. ఆయన నుంచి నేను నేర్చుకోవాలని ఇప్పటికీ ప్రయత్నిస్తున్నది అదే, అందులో ఎక్కువసార్లు ఓడిపోతున్నాను.

డోన్‌లో బండి మారి కర్నూలు చేరాం. సర్జను మళ్ళీ నాలుగు చోట్లా నాడి వెతికాడు. మోకాలి వెనక చాలాసేపు ఆగాడు. "కిందటిసారి ఇక్కడ సన్నగా అయినా అందింది. ఇప్పుడు లేదు. మళ్ళీ ఫోటో తీయాలి" అన్నాడు.

"ఏం సామీ, నేను తీయమంటే వద్దంటివి. ఇప్పుడు నేను అడక్కపోయినా తీస్తానంటాండావు."

సర్జను నవ్వలేదు. "అప్పుడు ఫోటోలో ఏం కనిపించినా నా చేతికి వేరే పని లేదు రెడ్డిగారూ. ఇప్పుడు కత్తి పట్టాలి. మోకాలికి కింద కోస్తే మానుతుందా, పైకి పోవాలా అన్నది తేలాలి. నాడి, చర్మం రంగు కొంత చెబుతాయి. ఫోటో కూడా ఉంటే మోకాలిని అనవసరంగా పోగొట్టుకోం. పాత ఫోటో చూసి కోయలేను. అది పాత కాలిది."

ఈసారి మందు దిగినప్పుడు ఆయన అరవలేదు. తలుపు బయట నిలబడి ఆ అరుపు కోసం ఎదురుచూశాను. అది రాకపోవడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

కిటికీలోంచి తీసి వెంట తెచ్చిన పాత ఫిలింనూ కొత్తదాన్నీ వెలుతురు పెట్టె మీద పక్కపక్కన పెట్టారు. ఇద్దరు మనుషుల కాళ్ళలా ఉన్నాయి. పెద్ద ఏరు ఇంకా పైనే తెగిపోయింది. పిక్క నుంచి కిందికి ఒక్క చుక్క వెలుగు లేదు, ఎముకలు మాత్రమే, దీపాలు ఆరిపోయిన ఇంట్లో దూలాలలాగా. కానీ మోకాలి చుట్టూ ఆ దారాలు మునుపటికంటే లావుగా, గుబురుగా అల్లుకుని ఉన్నాయి.

"పెరిగినాయి! పెరిగినాయి గదా డాక్టరూ?" రెడ్డిగారు మంచం మీద మోచేతులపై లేచారు.

"పెరిగాయి. మోకాలి దాకా పెరిగాయి. మీరు బీడీ మానిన ఆ కొన్ని నెలల పుణ్యం కావచ్చు. మోకాలు ఉంచడానికి గట్టి ఆశ ఉంది."

ఆయన వెనక్కి వాలారు. "మోకాలుంటే చాలు. కట్టెకాలు పెట్టుకుని గని దిగుతా" అన్నారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "పుస్తకాలప్పా, కోసినాక దాన్ని ఈడ గుంతలో ఏయనీయొద్దు. మా పొలంలో మా నాయన సమాధి పక్కన పెట్టండి. నేను వచ్చేదాకా నాయనకు తోడుంటాది" అన్నారు.

ఆసుపత్రివాళ్ళు దాన్ని తెల్లటి గుడ్డలో చుట్టి, గోనెసంచిలో పెట్టి ఇచ్చారు. రైలులో దాన్ని బల్ల కింద పెట్టడానికి మనసొప్పలేదు. ఒడిలో పెట్టుకున్నాను. అది బరువుగా ఉంది. మనిషిలో ఉన్నప్పుడు కాలికి అంత బరువు ఉంటుందని మనకు తెలియదు. ఎదురుగా కూర్చున్న రైతు చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, పసిబిడ్డ మాదిరి పట్టుకున్నావు. ఏముండాది అందులో?"

"కాలు."

"మంచానిదా?"

"మా రెడ్డిది."

అతను పెద్దగా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు. తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాడు. అతను దిగవలసిన ఊరు అది కాదని నాకనిపించింది, ఎందుకంటే దిగి, ప్లాట్‌ఫారం మీద నడిచిపోయి, వెనక పెట్టెలో ఎక్కాడు.

బేతంచెర్లలో ఉసేన్‌సాబు ముఠాతో వచ్చి నిలబడి ఉన్నాడు. నేను సంచి అతని చేతుల్లో పెట్టి, రెడ్డిగారి దగ్గర ఎవరూ లేరని అదే సాయంకాలం బండికి కర్నూలు తిరిగిపోయాను. పూడ్చేటప్పుడు నేను లేను.

కోసిన చోటు చక్కగా మానింది. ఉగాదికి ముందే ఆయన ఇంటికి వచ్చారు. ఇంటికి వచ్చిన వారానికి అది మొదలైంది. లేని పాదం నొప్పి పెడుతోందన్నారు. మునుపటి నొప్పి కాదు. ఏదో బరువు వేళ్ళ మీద పడి నలుగుతున్నట్టు, వేళ్ళు ముడుచుకుపోయినట్టు. అన్నం మానేశారు. రోజుల తరబడి నిద్ర లేదు. గోడకు ఆనుకుని, మోకాలి కింద ఖాళీగా ఉన్న పక్కబట్ట వైపు చూస్తూ ఉండేవారు. నారాయణమ్మ ఆ చోట చేయి వేయబోతే, "ఆడ ఒత్తొద్దు" అని అరిచేవారు. ఆ మోకాలిని నిలబెట్టుకుని ఆయన మనిషే మిగలకుండా పోతారేమో అని నాకు భయం వేసింది.

నేను చదివింది చెప్పాను. కాలు పోయినా దాన్ని గుర్తుపెట్టుకున్న నరాలు పోవని, తలకు ఆ సంగతి తెలియడానికి కాలం పడుతుందని. ఆయన ఓపికగా విన్నారు.

"పుస్తకం నిజమే. నొప్పి కూడా నిజమే బసప్పా. నువ్వు ఒక పని చేస్తావా? తవ్వి చూడు. వేళ్ళు ముడుచుకుని ఉంటే చక్కగా పెట్టి రా."

"సామీ, అదెట్ల..."

"నన్ను నమ్మమని చెప్పల్యా. చూసి రమ్మంటాండా. ఏమీ ల్యాకపోతే మట్టి ఏసి రా. నాకెవురూ అబద్ధం చెప్పొద్దు."

ఆ రోజంతా ఆలోచించాను. నేను చదివిన పుస్తకాలన్నీ వద్దన్నాయి. ఉసేన్‌సాబును అడుగుదామంటే అతను ఉరుసుకని కడప దర్గాకు పోయి ఉన్నాడు. మరునాడు, ఎండ బాగా వచ్చాక, పార తీసుకుని పొలానికి పోయాను. రెడ్డిగారి నాయన సమాధి పక్కన మట్టి ఇంకా కొత్తగా, ఎర్రగా ఉంది. చుట్టూ కొర్ర కోసిన చేను, మనిషి లేడు, పిట్ట లేదు. మోకాళ్ళ లోతు తవ్వేసరికి పార రాతికి తగిలి ఖంగుమంది. మట్టి తుడిచాను. బేతంచెర్ల బండ. కుక్కలు, నక్కలు తవ్వకుండా ముఠావాళ్ళు పైన కప్పి ఉంటారు. ఆ సంగతి నాతో ఎవరూ చెప్పలేదు. ఆ బండ ఒక పక్క కుంగి ఏటవాలుగా దిగబడి ఉంది. దాని అంచు కింద, ఒక కొసన, తెల్లటి గుడ్డ నలిగి కనిపించింది.

గుడ్డ విప్పలేదు. విప్పే ధైర్యం లేదు, విప్పాల్సిన పని కూడా లేదనిపించింది. పారను కడ్డీలాగా పెట్టి బండను పైకి లేపి, పక్కకు తోసి, గుడ్డ మీద మెత్తటి మట్టి చేత్తో పోశాను. బండను విడిగా నిలబెట్టి, బరువు పడకుండా మిగిలిన గుంత పూడ్చాను. పారకు అంటిన మట్టిని రెండుసార్లు తుడిచాను. ఎందుకని రెండుసార్లు తుడిచానో పుస్తకాల్లో వెతికితే దొరికేదేమో.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నారాయణమ్మ నోటి మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. లోపల రెడ్డిగారు నిద్రపోతున్నారు. వెల్లకిలా, నోరు కొంచెం తెరుచుకుని, గురక పెడుతూ.

"ఎవురో కాలు వదిలిపెట్టినట్లుండాది అన్నాడు నాయనా. అని అట్లనే ఒరిగినాడు" అంది ఆమె గుసగుసగా.

నేను బండ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. ఆ నొప్పి మళ్ళీ అంత గట్టిగా రాలేదు. చెప్పినట్టే కట్టెకాలితో గని దిగారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బండలు కొట్టి విన్నారు, ఒక్కొక్కదాన్ని ఒక్కసారే. గని గదిలో కిటికీ తెరిపించారు. కొత్త ఫిలిం ఏమైందో నేను అడగలేదు.

దీన్ని గురించి నేను ఎంతో చదివాను. నొప్పి ఒక్కోసారి దానంతట అదే వదులుతుందని ఉంది. అలసిన ఒళ్ళు ఏదో ఒక వేళ నిద్రకు లొంగక తప్పదని ఉంది. అవన్నీ నమ్ముతాను. నారాయణమ్మ ఆయన పోయాక కూడా చాలాకాలం బతికింది. బేతంచెర్ల పోయినప్పుడల్లా ఆమె పెట్టిన సద్ది తిని, మజ్జిగ తాగి వచ్చేవాణ్ణి. ఆ రోజు ఆయనకు ఏ వేళకు కునుకు పట్టిందని ఆమెను ఒక్క మాట అడిగితే, అది నేను బండ లేపకముందా, లేపినాకనా అన్నది తేలిపోయేది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చినప్పుడల్లా, ఇంకొంచెం మజ్జిగ పోయమ్మా అన్నాను.